ఉలుకు కుర్చీ

మా అత్త సూరీడమ్మకి యంత్రమంటే గిట్టదు. మిక్సీలో రుబ్బిన పచ్చడి నోట పెట్టదు, లిఫ్టు ఎక్కదు, ఫోను మోగితే తేలు కనబడినట్టు నా వైపు తోసేస్తుంది. అలాంటి మనిషి ఒక్క యంత్రాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుంది. అది మా ల్యాబులో తయారైన ఉలుకు కుర్చీ. "మా కోడలు దమయంతి సేసింది" అని కాలనీ అంతా చాటింపు వేసింది. నేను చేసిందేమీ లేదు మహాప్రభో. కుర్చీ చేతి మీద ఉండే రేకు సరిగ్గా చల్లబడుతోందో లేదో చూడడం, గొంతుల రికార్డింగులు విని తేడాలు రాయడం, అంతే నా పని. చేసింది డాక్టర్ గేదెల త్రినాథ గారు. అయినా పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్త నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. కాదని ఎందుకు పోగొట్టుకోవాలని నోరు మూసుకున్నాను.

ఆ కుర్చీ పని మొదటిసారి చూసిన రోజు నాకింకా గుర్తే. నరసన్నపేట నుంచి వచ్చానంటూ ఒకాయన కూర్చున్నాడు. మాట్లాడితే అచ్చం నరసన్నపేటే, ఎక్కడా తేడా లేదు. మెడకి మెత్తటి పట్టీ కట్టి, చెయ్యి రేకు మీద పెట్టించి, త్రినాథ గారు ఆయన్ని మామిడికాయల కబుర్లలోకి దింపారు. కబుర్ల మధ్యలో, ఎప్పుడన్నది ఎవరికీ తెలీకుండా, రేకు ఒక్కసారిగా మంచుగడ్డయిపోయింది. ఆయన నోరు విప్పలేదు. పళ్ళు బిగపట్టే ఉన్నాడు. అయినా ఎర్రదీపం వెలిగింది. ఆయన పకపకా నవ్వి ఒప్పేసుకున్నాడు, తాను బరంపురం ఒడియా మాస్టారినని, కుర్చీని ఓడిస్తానని పందెం కాసి వచ్చానని.

చిన్నప్పుడు అందరం విన్న కథే ఇది. పది భాషలు దంచే పండితుడొకడు నా మాతృభాషేదో చెప్పండని సభలో సవాలు చేస్తే, నిద్రలో వీపు మీద ఒకటివ్వగానే అసలు భాష బయటపడిందట. త్రినాథ గారు ఆ కథకి కరెంటు పెట్టారు. మనిషి ఉలిక్కిపడ్డప్పుడు, బుర్ర తేరుకునే లోపలే గొంతు ఒక మాటకి సిద్ధమైపోతుంది. ఒకరికి 'అమ్మో', ఒకరికి 'అబ్బా', మా బొబ్బిలి వైపు 'ఓలమ్మో'. పెదవులు కదలకపోయినా గొంతు నరాలు కదులుతాయి. మెడ పట్టీ దాన్ని పట్టేస్తుంది, తెలుగు మాటయితే పచ్చదీపం, కాకపోతే ఎర్రదీపం. ముందే తెలిస్తే ఉలుకు రాదు కదా అని నేనడిగితే, తెలిసినంత మాత్రాన తుమ్ము ఆగుతుందా దమయంతీ అన్నారాయన.

ఆయన ఈ కుర్చీ ఎందుకు కట్టారో చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. బర్మాలో ఇరావతి నది మొగల్లో సముద్రం ఊళ్ళ మీదికొచ్చాక, అవతలి ఒడ్డు నుంచి మన వైపుకి పడవలు రావడం మొదలైంది. హార్బరులో సగం కూలికి మనుషులు దొరికేసరికి మన జాలరోళ్ళ ఇళ్ళలో పొయ్యిలో పిల్లి లేవని రోజులొచ్చాయి. గొడవలయ్యాయి. పడవ మనుషుల్ని ఏరి వెనక్కి పంపాలన్నారు. ఏరడానికి వెళ్ళినవాళ్ళు కళ్ళు చిన్నగా కనబడ్డ ప్రతివాడినీ లాక్కెళ్ళి కొట్టారు. త్రినాథ గారి దగ్గర చదువుకునే పాడేరు అబ్బాయి కూడా అలాగే చిక్కాడు. మన మన్యం పిల్లాడు, తాతముత్తాతల నుంచీ మన కొండల్లో పుట్టినవాడు. ఆ దెబ్బలకి వాడికొక చెవి వినపడకుండా పోయింది. శబ్దం మీద చదువు చదివే పిల్లాడికి చెవి పోయిందంటే ఏం చెప్పమంటారు. ముఖం చూసి మనిషిని పట్టుకోవడం ఇక ఉండకూడదని త్రినాథ గారు ఆ రోజు పట్టుబట్టారు. చర్మం చూడనిది, పేరు అడగనిది, మతం తెలీనిది ఒక యంత్రం కావాలన్నారు. పడవ మనుషుల్ని వెనక్కి పంపే చట్టంలోకి ప్రభుత్వం కుర్చీని తీసుకుంటానన్నప్పుడు ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు. ఎంత గొప్పవాడైనా సరే, ఎర్రదీపం వెలిగితే మినహాయింపు ఉండకూడదు. మినహాయింపు అంటూ ఉంటే అది పలుకుబడి ఉన్నవాడికే పోతుంది, అప్పుడది వివక్షే అవుతుంది అని.

ఇక టీవీల్లో చూడాలి రచ్చ. మంత్రి వరహాలరాజు ఒక పక్క, ఎమ్మెల్యే మేరీ సుజాత ఒక పక్క. రంగు చూడని కుర్చీని పట్టుకుని జాతి వివక్ష అంటారేమిటి, మీకు జాలరోళ్ళ ఆకలి కనబడదా అని ఆయన. పుట్టిన చోటుని బట్టి మనిషిని ఏరడమే వివక్ష, ఏరేది లాఠీ అయితేనేం కుర్చీ అయితేనేం అని ఈవిడ. ఒకరి మాట ఒకరు వినరు. నాకైతే ఇద్దరి మాటా నిజమే అనిపించేది, అందుకే టీవీ కట్టేసేదాన్ని. అత్త ఊరుకునేది కాదు, మళ్ళీ పెట్టించేది. ఆవిడ పూర్తిగా మంత్రి పక్షం.

అసలు విడ్డూరం అక్కడే ఉంది. మాది రంగంకాలనీ. మా ఆయన ఓడల మీద పనిచేస్తాడు, ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే ఉంటాడు, ఇంట్లో అత్తా నేనే. బతుకుతెరువుకి రంగూను వెళ్ళి, అక్కడ రెండు మూడు తరాలు ఉండి, అక్కడి ప్రభుత్వం పొమ్మంటే ఓడెక్కి తిరిగొచ్చిన తెలుగువాళ్ళ కాలనీ అది. అత్త అక్కడే పుట్టింది. చంకబిడ్డగా వాళ్ళమ్మతో విశాఖ రేవులో దిగింది. వచ్చినప్పుడిచ్చిన కాగితాలు ఏ తుఫానులోనో కొట్టుకుపోయాయి. ఇప్పటికీ కాలనీ మొదట్లో ఆవిడ కౌసే బండి ఉంటుంది. నూడుల్సులో వేయించిన ఉల్లిపాయ, సెనగపిండి, చింతపండు రసం వేసి చేత్తో కలిపి ఇస్తుంది. విశాఖలో సగం మంది ఆ రుచి ఎరుగుదురు. అలాంటి మనిషి పడవలవాళ్ళని తరిమేయాలంటుంది. మీరూ అలా వచ్చినవాళ్ళే కదత్తా అంటే కస్సుమంటుంది.

"మేం మన వూరికి మనం వొచ్చేం. గవర్నమెంటోలు పిలిస్తే ఓడెక్కి వొచ్చేం. ఈల్లలాగ సీకట్లో దిగలేదు."

అలా అంటూనే పక్కకి తిరిగి, ఉల్లిపాయలు తరగమని కన్నమ్మని కేకేసేది. ఆ కన్నమ్మ అసలు పేరు ఖిన్. సీకట్లో దిగిన మనిషే. హార్బరు దగ్గర ఎండుచేపల కళ్ళంలో ఆడవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి, కూతురు పుట్టాక అత్త బండి దగ్గర చేరింది. ఆమె ఎక్కడిదో తెలిసింది అత్తకీ నాకే. మరి ఈమె సంగతేమిటని ఒకసారి అడిగాను. అది పడవ మనిసి కాదే, మన కన్నమ్మ అంది అత్త. ఇంకేం వాదిస్తాం.

కుర్చీని మా కాలనీకి తెచ్చిన రోజు పండగలాగే ఉంది. యూత్ క్లబ్బు గదిలో పెట్టారు. అత్త కొత్త చీర కట్టుకుని, మొహానికి చందనంలాగ రంగూను చెక్క అరగదీసి పూసుకుని, అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. మా కోడలి కుర్చీ, ముందు నేనే ఎక్కుతానంది. వెనకాల కన్నమ్మ. నేను సెలవు పెట్టి వచ్చింది అత్త కోసం కాదు, ఆమె కోసమే. ఆమెకి ఎర్రదీపం తప్పదని నాకు తెలుసు. ఆమె కూతుర్ని ఎవరింట్లో దాచాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

అత్త కూర్చుంది. కౌసేలో చింతపండు ఎంత వెయ్యాలో ఆపరేటరుకి పాఠం మొదలుపెట్టింది. పాఠం మధ్యలో ఆవిడ భుజాలు ఎగిరిపడ్డాయి.

"అమలే" అంది.

ఎర్రదీపం వెలిగింది.

ఆపరేటరు కూడా నమ్మలేదు. పట్టీ సరిచేసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అమలే. మళ్ళీ ఎర్ర. మాట్లాడే హక్కు అతనికి లేదు, ఎర్రపట్టీ తీసి అత్త మణికట్టుకి వేసేశాడు. అత్త దాన్ని గాజు చూసుకున్నట్టు చూసుకుంది. తర్వాత కన్నమ్మని కూర్చోబెట్టారు. రేకు చల్లబడగానే ఆమె గొంతులోంచి వచ్చింది "ఓలమ్మో". పచ్చదీపం. ఎండుచేపల కళ్ళంలో మన ఆడవాళ్ళు పూటకి వందసార్లు అనే మాట అది, విని విని ఆమెకి అబ్బేసింది. పచ్చపట్టీ వేయించుకుని కన్నమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. అత్త మాత్రం ఏడవలేదు.

సాయంత్రానికి తేలిందేమిటంటే కాలనీలో ముసలివాళ్ళంతా ఎర్ర, బళ్ళకెళ్ళిన మనవలంతా పచ్చ. ముసలివాళ్ళని బస్సెక్కించి భీమిలి దారిలో ఉన్న పాత ఉప్పు గోదాముకి తీసుకుపోయారు. దానికి విడిది అని పేరు పెట్టారులెండి. అమావాస్య దాటాక ఓడ కదులుతుంది, ఎర్రపట్టీలన్నీ అవతలి ఒడ్డుకి వెళ్ళాలి. డెబ్బై దాటిన ముసలమ్మ, ఎవరూ లేని, ఏమీ గుర్తులేని ఊరికి. మా ఆయనకి శాటిలైటు ఫోనులో చెప్పాను. మా అమ్మని పంపనివ్వకు అని ఒక్క మాట అని పెట్టేశాడు.

మర్నాడు ల్యాబుకి వెళ్ళి అత్త రికార్డింగు తీసి విన్నాను. దాని పక్కన, పడవలవాళ్ళ దగ్గర సేకరించిన మూల శబ్దాలు పెట్టి విన్నాను. ఒకటే. అమలే. బర్మా భాషలో అయ్యయ్యో అన్నట్టు అనే మాట. ఇన్నేళ్ళూ ఆ మాట మా ఇంట్లో పాలు పొంగినా, పిల్లి దూకినా వింటూనే ఉన్నాను. అత్త 'అమ్మలో' అనడానికి బద్ధకించి అలా అంటోందనుకునేదాన్ని. మూడు తరాలు రంగూనులో ఉన్న తెలుగువాళ్ళు వంట తెచ్చుకున్నారు, చెక్క పూత తెచ్చుకున్నారు, ఉలుకు మాత్రం తెచ్చుకోకుండా ఉంటారా. తెలుగు శబ్దాలు సేకరించడానికి ఊరూరా తిరిగినవాళ్ళు రంగంకాలనీకి రానేలేదు.

త్రినాథ గారి ముందు రెండూ వినిపించాను. ఆయన మొహం మాడిపోయింది. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఈ మాటని తెలుగు జాబితాలో కలిపేద్దాం సార్ అన్నాను. కలిపితే పడవలో వచ్చిన ప్రతివాడికీ పచ్చదీపమే, ఇక కుర్చీ ఎందుకన్నారు. మరి మా అత్తని ఒక్కదాన్ని వదిలేయమని రాయండి అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే సిగ్గేసింది, కానీ అన్నాను. ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"మినహాయింపు లేదని రాయించింది నేనే దమయంతీ. మీ అత్తగారికిస్తే రేపు మంత్రి బావమరిదికి ఇవ్వాలి. ఎర్ర పడ్డవాళ్ళంతా మేం ఇక్కడివాళ్ళమనే అంటారు, ఎవరు నమ్ముతారు? అటునుంచి వచ్చినవాడికి పచ్చ పడినట్టు ఒక్కరిని చూపించు. ఒక్కరు చాలు. సభా సంఘం ముందు నా చేత్తో నేనే దీన్ని ఆపేస్తాను."

మాట అంటే మాటే ఆయన. ఆపేస్తాననే అన్నారు, ఆపేస్తారు కూడా. వచ్చే వారమే శాసనసభ సంఘం ల్యాబుకొస్తోంది, మంత్రీ మేరీ సుజాతా ఇద్దరూ వస్తున్నారు. నేను చూపించాల్సిన ఆ ఒక్క మనిషీ ఆ వేళకి మా అత్త బండి దగ్గర ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. కన్నమ్మని చూపిస్తే కుర్చీ ఆగుతుంది, అత్త ఇంటికొస్తుంది, కాలనీ ముసలివాళ్ళంతా ఇంటికొస్తారు. కన్నమ్మా ఆమె కూతురూ ఓడెక్కుతారు. కుర్చీ లేకపోయినా చట్టం ఉంటుందిగా, నేనే పట్టిచ్చాక ఇంకా సాక్ష్యమెందుకు.

విడిదికి అత్తని చూడ్డానికి వెళ్ళాను. ఇనప జాలీకి అటు ఆవిడ, ఇటు నేను. తిండి ఉప్పుగా ఉంటోందని, గోదాము గోడలే ఉప్పు కక్కుతున్నాయని, పక్క మంచం మీద పడవ ముసలమ్మ ఒకత్తె రాత్రంతా గురక పెడుతోందని నాకు ఏకరువు పెట్టింది. ఆ ముసలమ్మకి దోమ కుట్టినా అమలే అంటోందట. నాను కూడా అలాగే అంటన్నానేటే అని అడిగింది. అవునత్తా అన్నాను. నేను తలొంచుకుని త్రినాథ గారు అన్న మాట చెప్పాను, కన్నమ్మ సంగతి చెప్పాను.

ఆవిడ ఒప్పుకుంటుందనుకున్నాను. తరిమేయాలన్నది ఆవిడే కదా. జాలీలోంచి వేలు దూర్చి నా గడ్డం పైకెత్తింది.

"మా యమ్మ నన్ను సంకనేసుకుని ఒక ఓడ దిగింది. అదింకా సాల్లేదేటే నీకు? ఇంకో పిల్లనెత్తుకున్నదాన్ని ఓడెక్కించి నాను ఇంటికొచ్చి కూకోవాలా?"

బుద్ధి తెచ్చుకున్నానని కాదు ఆవిడ ఉద్దేశం. అదే నోటితో, మిగతా పడవలోళ్ళ సంగతి తనకి తెలీదంది, కన్నమ్మ జోలికెళితే మాత్రం నా చేతి నీళ్ళు ముట్టనంది. మా అత్త అంతే, ఆవిడ న్యాయం చీర కొంగంత ఉంటుంది, కానీ ఆ కొంగు కిందకి వచ్చినవాళ్ళని చచ్చినా వదలదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మరి నిన్నెలా తెచ్చుకునేది అని అరిచాను. అదేదో నువ్వే సూసుకో, కుర్చీ సేసింది నువ్వే కదా అంది.

అమావాస్య దగ్గరపడుతోంది. ఓడ రేవుకి బయట లంగరు వేసి ఉందని పేపర్లో ఫొటో కూడా వేశారు. ల్యాబులో కుర్చీని తుడిచి, రేకు పరీక్షించి, సంఘం కోసం కుర్చీలు వేయిస్తున్నాం. త్రినాథ గారు రోజూలాగే చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని పడవలవాళ్ళ రికార్డింగులు వింటున్నారు. తప్పెక్కడుందో ఆ శబ్దాల్లోనే దొరుకుతుందని ఆయన ఆశ. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అమలే, అమలే, అమలే. రెండేళ్ళుగా ఆయన పని అదే, నాకంటే ఎక్కువ విన్నది ఆయనే. నేను టీ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆయన చూడకుండా చెయ్యి జాపారు. వేడి టీ ఒళ్ళో ఒలికింది.

గభాల్న లేచి పంచె దులుపుకున్నారు. నేను గుడ్డ ఇచ్చాను. ఫర్వాలేదమ్మా అని మళ్ళీ కూర్చుని హెడ్‌ఫోను పెట్టుకున్నారు. ఆయనకి తెలీలేదు. టీ ఒలికినప్పుడు ఆయన అన్న మాట నేను విన్నాను. శబ్దాలు వినడమే నా ఉద్యోగం, పొరబడే అవకాశం లేదు.

ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాను. నాకు ఉద్యోగం ఇచ్చింది ఆయన. పాడేరు అబ్బాయి వైద్యానికి తన ఇల్లు అమ్మింది ఆయన. ఇలా అన్నారు సార్ అని ముందే చెబితే, ఆయన దాన్ని ఒక సమస్యగా రాసుకుని ఇంకో రెండేళ్ళు పరిశోధన చేస్తారు. ఓడ రెండేళ్ళు ఆగదు. అత్తని తీసుకుపోయినప్పటి నుంచీ నాకు తోడుగా మా ఇంట్లోనే పడుకుంటున్న కన్నమ్మ పక్క గదిలో కూతుర్ని జోకొడుతోంది, ఆ పాట తెలుగూ కాదు, బర్మా భాషా కాదు, రెండూ కలిసిపోయి ఏదో. వింటూ వింటూ ఒక నిర్ణయానికి వచ్చాను. తప్పంటారా, అనుకోండి.

సంఘం వచ్చింది. వరహాలరాజు గారు కండువా సర్దుకుంటూ ముందు వరసలో, మేరీ సుజాత గారు ఒక చివర. టీవీవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. రంగంకాలనీలో పొరపాటు జరిగిందని ఎమ్మెల్యే గారు ఎత్తుకున్నారు. తెలుగువాళ్ళనే పరాయివాళ్ళని చేసిన యంత్రం, ఇది వివక్ష కాకపోతే మరేమిటని. అందరూ ఇక్కడివాళ్ళమే అంటారండీ, విజ్ఞానం అబద్ధం చెప్పదని మంత్రిగారు. మాటలు పెరిగాయి. త్రినాథ గారు చెయ్యెత్తి, ముందు కుర్చీ పనితీరు చూడండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. కుర్చీలో ఎవరిని కూర్చోబెడదామా అని వరసలవైపు చూశారు.

పూర్వం ఎవరికి చూపించినా మొదట ఆయనే కూర్చునేవారు, ప్రతిసారీ పచ్చదీపమే. కుర్చీ ఊళ్ళలోకి వెళ్ళాక ఆ అవసరం పడలేదు, రెండేళ్ళుగా ఆయన దాని మీద కూర్చోనేలేదు.

"సార్, ముందు మీరు కూర్చోండి. ఎప్పటిలాగే" అన్నాను.

నా గొంతు మామూలుగానే ఉందనుకున్నాను. ఆయన నావైపు ఒక్క క్షణం చూశారు. ఏం కనబడిందో తెలీదు. నవ్వి, అలాగే, అని కూర్చున్నారు. మెడ పట్టీ నేనే కట్టాను. ఆయన తన ఊరి గురించి మొదలుపెట్టారు. సాలూరులో లారీల షెడ్ల దగ్గర ఆడుకున్నామని, బండి టైరు దొర్లించుకుంటూ వేగావతి దాకా పోయేవాళ్ళమని. మంత్రిగారు నవ్వుతూ తలూపుతున్నారు. టైరు ఏట్లో పడిపోయిందంటూ ఉండగా రేకు చల్లబడింది.

ఎర్రదీపం.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. యంత్రం పాడైందన్నారు మంత్రిగారు, మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. త్రినాథ గారు ఈసారి ఏమీ మాట్లాడలేదు, పెదవులు బిగించి కూర్చున్నారు, ఎంత బిగించారో దవడలు కనబడ్డాయి. మళ్ళీ ఎర్ర. శబ్దం వినిపించమని ఆయనే అడిగారు. స్పీకరులో పెట్టాను. గది నిండా ఆయన గొంతు, తడబాటు లేకుండా, అమలే.

ఆయన కళ్ళు మూసుకున్నారు. తెలివైన మనిషి, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. విని విని అబ్బింది అని మెల్లగా అన్నారు, తనకి తనే చెప్పుకున్నట్టు. ఉలుకు పుట్టుకతో రాదు, పక్కనున్నవాళ్ళ నుంచి వస్తుంది. ఆయన ఏళ్ళ తరబడి రాసిన సిద్ధాంతమంతా ఆ ఒక్క వాక్యంతో కూలిపోయింది. కన్నమ్మ పేరు ఎవరి నోటా రాలేదు.

మంత్రిగారు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఇదేదో సాంకేతిక లోపం, డాక్టరుగారు మన మనిషని మాకు తెలీదా అన్నారు.

"ఎలా తెలుసండీ? ముఖం చూసా?" అని మేరీ సుజాత గారు అడిగారు.

కుర్చీలను అప్పటికి ఆపమని, ఓడని కదలనివ్వొద్దని సంఘం రాసుకుంది. కానీ అప్పటిదాకా వేసిన ఎర్రపట్టీలు తీసే అధికారం సంఘానికి లేదట, కోర్టు తేల్చేదాకా ఎర్రపట్టీ ఉన్నవాళ్ళు విడిదిలోనే ఉండాలట. పోలీసు అధికారి త్రినాథ గారి పక్కన నిలబడి ఇబ్బందిగా మెలికలు తిరుగుతున్నాడు. మీరు ఇంటికెళ్ళండి సార్, మేం చూసుకుంటాం అన్నాడు. త్రినాథ గారు ఎడమ చెయ్యి చాపారు. మినహాయింపు లేదు కదా బాబూ అన్నారు. ఎర్రపట్టీ వేసుకుని, నా వైపు తిరిగి, టీ ఒలికినప్పుడు విన్నావా అని అడిగారు. విన్నాను సార్ అన్నాను. తలూపి బస్సువైపు నడిచారు. ఆ నడక చూడలేక నేను గోడవైపు తిరిగిపోయాను.

మర్నాడు కౌసే డబ్బా పట్టుకుని విడిదికి వెళ్ళాను, ఈసారి జాలీ దాటి ఆవరణలోకి రానిచ్చారు. కన్నమ్మే కలిపి ఇచ్చింది, పచ్చపట్టీ చేత్తో. ఓడ ఆగిందన్న కబురు అప్పటికే లోపలికి చేరింది, ముసలివాళ్ళు కాస్త తేరుకుని ఎండలోకొచ్చి బల్లల మీద కూర్చున్నారు. త్రినాథ గారు ఒక మూల నిలబడి ఉన్నారు. ఎక్కడ కూర్చోవాలో తెలీనట్టు, ఎవరి పక్కకీ వెళ్ళే ధైర్యం లేనట్టు. మా అత్త ఆయన్నెప్పుడూ చూడలేదు. కుర్చీ కోడలే చేసిందని చెప్పుకున్న మనిషికి ఈయనెవరో ఎలా తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాడెవరో పాపం అనుకుంది. బల్ల మీద పక్కకి జరిగి, చేత్తో దుమ్ము దులిపి చోటు చూపించింది. ఆయన వచ్చి కూర్చున్నారు.

మా వైపు ఎవరు ఎదురుపడినా మొదట అడిగేదే అడిగింది.

"ఏ వూరు బాబూ తమరిది?"

"సాలూరమ్మా" అన్నారు త్రినాథ గారు.

అత్త ఆయన చేతికున్న ఎర్రపట్టీ చూసింది, తన చేతికున్నది చూసుకుంది.

"అది తమరు సెప్తన్నారు. కుర్చీ ఏటంది?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. ఆయన వేలితో పట్టీని తడుముకున్నారు. అత్త కాసేపు చూసి, నా చేతిలోంచి డబ్బా అందుకుని, మూత తీసి ఆయన ముందు పెట్టింది.